వారాంతపు చదరంగపు పోటీ: ఆడుట, ఆనందించుట

చదరంగం భారతదేశంలో పుట్టిందనీ, పారశీకుల మీదుగా అరబ్బులకూ, వారి నుంచి ఐరోపాకూ చేరిందనీ మనమందరం చిన్ననాటి నుంచి వింటున్నదే. ఆ గాథను మళ్ళీ చెప్పడం మా ఉద్దేశం కాదు. శని, ఆదివారాలలో ఏ పాఠశాల హాలులోనో, ఏ కల్యాణమండపంలోనో జరిగే చిన్న పోటీలను గురించి, వాటిలో ఆడడం వల్ల కలిగే సంతోషాన్ని గురించి నాలుగు మాటలు చెప్పదలచాము. మా విద్యార్థి మిత్రులలో చదరంగం తెలియనివారు తక్కువ. పోటీకి వెళ్ళినవారు ఇంకా తక్కువ. కారణమడిగితే వచ్చే సమాధానం ఒక్కటే: "గెలవలేని చోటికి వెళ్ళి ఏం చేస్తాం?" ప్రవేశ రుసుము మంజూరు చేసే ముందు కళాశాల సంఘం పెద్దలు కూడా "కప్పు వస్తుందా?" అని అడగడం కద్దు. ఈ రెండు ప్రశ్నలూ ఒకే భావన నుంచి పుట్టినవని మా అభిప్రాయం. ఓడినవాణ్ణి వెంటనే ఇంటికి పంపివేసే నాకౌటు పోటీల వంటిదే ఇదీ అని వారు తలుస్తారు. నిజానికి వారాంతపు చదరంగపు పోటీ ఓడినవాణ్ణి కూర్చోబెట్టి మళ్ళీ ఆడించడానికే ఏర్పడినదంటే అతిశయోక్తి కాదు.

ఈ ఏర్పాటుకు స్విస్ పద్ధతి అని పేరు. 1895లో స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరంలో జరిగిన ఒక పోటీలో దీనిని మొదట ఉపయోగించారు. ఇందులో ఎవరినీ తొలగించరు. గెలిస్తే ఒక పాయింటు, డ్రా అయితే అర పాయింటు, ఓడితే సున్న. ప్రతి రౌండులోనూ సమానమైన పాయింట్లు ఉన్నవారిని, లేదా దాదాపు సమానంగా ఉన్నవారిని జతపరుస్తారు. ఒకసారి తలపడిన ఇద్దరిని ఆ పోటీలో మరల కలపరు. తెల్లపావులు, నల్లపావులు వీలైనంతవరకు మార్చి మార్చి ఇస్తారు. ఆటగాళ్ళ సంఖ్య బేసి అయితే మిగిలిన ఒకరికి ఆడకుండానే ఒక పాయింటు లభిస్తుంది.

దీని చమత్కారం లెక్క వేస్తేనే బోధపడుతుంది. చదరంగపు గళ్ళెన్నో అంతమంది, అనగా 64 మంది ఆటగాళ్ళు ఆరు రౌండ్లు ఆడారనీ, ఏ ఆటా డ్రా కాలేదనీ అనుకుందాం. మొదటి రౌండులో 32 మంది గెలుస్తారు, 32 మంది ఓడుతారు. తరువాత గెలిచినవారు గెలిచినవారితోనూ, ఓడినవారు ఓడినవారితోనూ ఆడుతారు. ఇట్లా ఆరు రౌండ్లు ముగిసేసరికి ఆరుకు ఆరు పాయింట్లు వచ్చినవాడు ఒక్కడు. ఐదు వచ్చినవారు ఆరుగురు. నాలుగు వచ్చినవారు 15 మంది. మూడు వచ్చినవారు 20 మంది. రెండు వచ్చినవారు 15 మంది. ఒకటి వచ్చినవారు ఆరుగురు. ఒక్కటీ రానివాడు ఒక్కడు. అంటే అన్నీ గెలిచినవాడు ఎంత అరుదో అన్నీ ఓడినవాడూ అంతే అరుదు! 64 మందిలో 62 మంది గెలుపు రుచి, ఓటమి రుచి రెండూ చూసే ఇంటికి వెళ్తారు. ఇదే నాకౌటు పోటీ అయితే 63 ఆటలతో సరి. శనివారం ఉదయం పది దాటేసరికి సగం మంది బస్సు ఎక్కవలసిందే. స్విస్ పద్ధతిలో 192 ఆటలు జరుగుతాయి. అదే హాలు, అవే బల్లలు, అదే ఆర్బిటరు. ఆట మాత్రం మూడింతలు.

కొత్తగా వెళ్ళేవారు ఒక్క విషయానికి సిద్ధపడాలి. మొదటి రౌండులో పట్టికను నడిమికి విరిచి, పై సగంలోని మొదటివాడికి కింది సగంలోని మొదటివాణ్ణి జత చేస్తారు. 64 మందిలో 1వ సంఖ్యవాడికి 33వ సంఖ్యవాడు ఎదురవుతాడు. అందుచేత రేటింగు లేని కొత్తవాడికి మొదటి ఆటలో తనకంటె ఎంతో గట్టివాడు తగలడం సహజం. చాలామంది ఆ ఒక్క ఓటమితో తమకు చదరంగం రాదని తేల్చుకుంటారు. అది తొందరపాటు. మూడవ, నాలుగవ రౌండ్లకు ఎవరి స్థాయి వారికి దొరుకుతుంది. అసలైన రసవత్తరమైన ఆటలు అక్కడ మొదలవుతాయి. తొలి బల్లల మీద జరిగే ఆటలలో కంటె నడిమి బల్లల మీద జరిగేవాటిలోనే ఎత్తుకు పైఎత్తు ఎక్కువ అని మేము గమనించాము. పై బల్లలవారు తప్పులు చేయరు. మనవంటివారు ధారాళంగా చేస్తారు గనుక ఆట చివరిదాకా ఎటు మొగ్గుతుందో తెలియదు.

ఇంటి ఆటకూ పోటీ ఆటకూ భేదాలు కొన్ని ఉన్నాయి. మన పెద్దలు ఆడిన దేశీయ చదరంగంలో బంటు మొదటి ఎత్తులో సైతం ఒక్క గడి మాత్రమే నడుస్తుంది. అవతలి అంచు చేరితే ఆ గడికి చెందిన పావుగా మారుతుంది. అంతర్జాతీయ నియమాలలో మొదట రెండు గళ్ళు దూకవచ్చు. అంచు చేరిన బంటు, మంత్రి బల్ల మీద ఉండగానే, మరొక మంత్రి కావచ్చు. ఈ భేదాన్ని దాటి వెళ్ళినవారిలో అగ్రగణ్యుడు పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్. దేశీయ పద్ధతిలో పెరిగిన ఆయన 1929లో లండను చేరి, ఆ ఏడే బ్రిటిష్ ఛాంపియన్ అయ్యారు. 1932లోనూ, 1933లోనూ మళ్ళీ గెలిచారు. కాపాబ్లాంకా అంతటివాణ్ణి ఓడించారు. ఆయనకు ఫిడే గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించినది 2024లో, ఆయన గతించిన ఎన్నో ఏళ్ళకు.

మా వంటి రెండు భాషల కళాశాలలో పావుల పేర్లే ఒక వినోదం. తెలుగువారి ఏనుగు మూలగడిలో ఉంటుంది. ఉర్దూ గ్రంథాలలో 'ఫీల్' అనే ఏనుగు మన శకటు స్థానంలో నిలుస్తుంది, మూలన ఉన్నది 'రుఖ్'. "ఏనుగు పోయింది" అని ఒకరంటే మరొకరు వేరే పావును వెతకడం మేము చూశాము. పోటీలో ఈ చిక్కు లేదు. నిలువు వరుసలకు ఎ నుంచి హెచ్ వరకు, అడ్డ వరుసలకు 1 నుంచి 8 వరకు గుర్తులు పెట్టి ఎత్తులు రాస్తారు. ఎవరి భాషలో వారు ఆలోచించుకోవచ్చు.

ముట్టుకున్న పావును కదపవలసిందే అన్నది పోటీలో మొదటి కట్టుబాటు. పావు గడిలో వంకరగా ఉంటే, తన వంతులో, "సర్దుతున్నాను" అని ముందుగా చెప్పి సర్దుకోవచ్చు. కోట కట్టేటప్పుడు రాజును ముందు ముట్టుకోవాలి. ఏనుగును ముందు పట్టుకుంటే ఆ వైపు కోట కట్టే హక్కు పోతుంది. ఏ చేతితో ఎత్తు వేస్తే ఆ చేతితోనే గడియారం నొక్కాలి. చేతి ఫోను సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. 2003లో యూరోపు జట్ల పోటీలో, అంతకు ముందే ప్రపంచ ఛాంపియన్ బిరుదు పొందిన పొనమార్యోవ్ అంతటివాడు ఫోను మోగినందుకు ఆట పోగొట్టుకున్నాడు.

ఇక గడియారం. ప్రేమ్‌చంద్ గారి కథ 'శత్రంజ్ కీ బాజీ'ని, దాని ఆధారంగా సత్యజిత్ రాయ్ 1977లో తీసిన చిత్రాన్ని మన పెద్దలు తరచు ఉదాహరిస్తారు. అవధ్ రాజ్యం చేయి జారుతుండగా ఆట వదలని మీర్జా, మీర్‌లను చూపి, చదరంగం కాలాన్ని మింగే వ్యసనమని హెచ్చరిస్తారు. ఆ మందలింపులో న్యాయం లేకపోలేదు. కాని ఆ ఇద్దరి ముందు గడియారం లేదు. 1851లో లండనులో జరిగిన మొదటి అంతర్జాతీయ పోటీలోనూ లేదు. ఒక్కొక్క ఎత్తుకు ఎంతసేపు పడుతుందో చెప్పలేక ప్రేక్షకులు విసిగేవారట. 1861లో ఇసుక గడియారాలు వచ్చాయి. 1883లో లండనులోనే జంట గడియారాలను ప్రవేశపెట్టారు. ప్రతి ఎత్తుకూ కొన్ని సెకన్లు కలిపే నేటి పద్ధతి ఫిషర్ ఆలోచన. 1992లో స్పాస్కీతో ఆడిన ఆటలలో దానిని వాడారు. ఈ గడియారం పుణ్యమా అని ఇప్పుడు ఆట ఎప్పుడు ముగుస్తుందో ఉదయమే చెప్పవచ్చు. ఒక్కొక్కరికి గంట చొప్పున ఇస్తే ఆట సుమారు రెండు గంటలు. శనివారం మూడు, ఆదివారం మూడు. సోమవారం తరగతికి నష్టం లేదు. రౌండ్ల మధ్య భోజనానికీ, జొహర్ నమాజుకూ వ్యవధి దొరుకుతుంది. ఆట సాగుతుండగా తన వంతు వచ్చినవాడు మాత్రం ఆర్బిటరు అనుమతి లేకుండా ఆట జరిగే ప్రదేశం విడిచి పోరాదు. కొన్ని పోటీలలో ముందుగా రాసి ఇస్తే ఒక రౌండుకు అర పాయింటుతో విరామం కూడా ఇస్తారు.

కళాశాల విద్యార్థికి మరొక పరీక్ష ఉంది. ఎదుటి కుర్చీలో మెత్త వేసుకొని కూర్చున్న ఎనిమిదేళ్ళ బాలుడు! హంపీ, హరికృష్ణ, హారిక, అర్జున్ ఎరిగైసి మన తెలుగు నేల మీద పుట్టి పెరిగిన తరువాత తల్లిదండ్రులు పిల్లల్ని చిన్నతనంలోనే ఈ హాళ్ళకు తీసుకొని వస్తున్నారు. ఆ బాలుడు ఎత్తు వేసి, కాళ్ళు ఊపుతూ పక్క బల్ల వైపు చూస్తాడు. మీసాలు వచ్చిన మన మిత్రుడు నుదురు తుడుచుకుంటాడు. నలభై ఎత్తులలో ఆటకట్టు. బాలుడు చేయి కలిపి బిస్కెట్ల కోసం పరుగెత్తుతాడు. వయస్సు, వేషం, ఇంటిపేరు, ఏ భాషా మాధ్యమం అన్నవి ఈ బల్ల మీద చెల్లవని ఇంతకంటె సూటిగా తెలిపే చోటు మాకు కనబడలేదు.

అన్నిటికంటె ఎక్కువ ఆనందం ఆట ముగిసిన తరువాత ఉంది. ఆడినంతసేపు మాట్లాడరాదు, ముగిశాక ఇద్దరూ హాలు బయటి వరండాలో మరొక బల్ల పరిచి మొదటి ఎత్తు నుంచి తిరిగి చూస్తారు. దీనికి పోస్టుమార్టెం అని ఆటగాళ్ళు పేరు పెట్టుకున్నారు. "ఇక్కడ గుర్రాన్ని ఇచ్చివేస్తారేమోనని భయపడ్డాను" అని గెలిచినవాడు అంటాడు. ఓడినవాడికి ఆ ఎత్తు తోచనే లేదు. రెండు గంటలు ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు వేర్వేరు ఆటలు ఆడారని అప్పుడు బయటపడుతుంది. దారిన పోయే మూడవవాడు వంగి, ఇద్దరూ చూడని ఎత్తు ఒకటి చూపి వెళ్తాడు. నేడు యంత్రం ఒక్క క్షణంలో సరైన ఎత్తు చెప్పగలదు, నిజమే. ఎదుటివాడు ఏమనుకొని ఆ ఎత్తు వేశాడో అది చెప్పలేదు. పది ఆటలు ఒంటరిగా ఫోనులో ఆడినదానికంటె ఈ వరండాలో గడిపిన అరగంట మిన్న అని మా నమ్మకం. కొత్త స్నేహాలు కూడా ఇక్కడే కలుస్తాయి.

సంఘం పెద్దలకు ఒక మనవి. కప్పు తెచ్చేవారినే పంపుదుమంటే 64 మందిలో ఒక్కడికే దారి. ఫిడే 1970లో స్వీకరించిన ఎలో రేటింగు పద్ధతిలో ఓటమికి కూడా లెక్క ఉంది. రెండు వందల పాయింట్లు ఎక్కువ ఉన్నవాడు నూరింటికి సుమారు 76 పాయింట్లు గెలుచుకుంటాడని ఆ లెక్క ఆశిస్తుంది. అందువల్ల స్థిరపడిన ఆటగాడు తనకంటె రెండు వందలు ఎక్కువ ఉన్నవానితో ఓడితే సుమారు 5 పాయింట్లు మాత్రమే పోతాయి. గెలిస్తే సుమారు 15 వస్తాయి. అసలు రేటింగు మొదలు కావాలంటే రేటింగు ఉన్నవారితో కనీసం ఐదు ఆటలు ఆడి ఉండాలి. కాబట్టి గెలిచే ఒకరిని ఆరుసార్లు పంపడం కంటె ఆరుగురిని కలిపి ఒకసారి పంపడం మేలు. వారితో రెండు గడియారాలు కూడా పంపితే, తిరిగి వచ్చాక అవే ఆటల గదిలో అభ్యాసానికి పనికివస్తాయి.

ఆదివారం సాయంకాలం చివరి రౌండు నడుస్తుండగా హాలులో ఒక విచిత్రం కనబడుతుంది. సమాన పాయింట్లు వచ్చినవారిలో ముందెవరో తేల్చడానికి బుక్‌హోల్జ్ లెక్క వాడుతారు; ఎవరెవరితో ఆడామో వారందరి పాయింట్ల మొత్తం అది. మనల్ని ఓడించినవాడు తరువాత ఎన్ని ఆటలు గెలిస్తే మన మొత్తం అంత పెరుగుతుంది. అందుచేత తమ ఆట ముగించుకున్నవారు, నిన్న ఉదయం తమను ఓడించినవాని బల్ల వెనుక చేతులు కట్టుకొని నిలబడి, అతడు గెలవాలని లోలోపల కోరుకుంటూ ఉంటారు.