నల్లపొగ తగ్గితే డీజిలు మిగులు
పల్లె బస్సు నిలవడానికీ అదే దారి

తెల్లవారుజామున ఊళ్ళోంచి బయలుదేరే మొదటి బస్సు వెనుక నల్లటి పొగ లేస్తే, పాత బస్సు కదా అని జనం ముక్కు మూసుకుంటారు. మెకానిక్కు కంటికి మాత్రం ఆ పొగ వేరుగా కనిపిస్తుంది. అది పూర్తిగా కాలకుండా గొట్టంలోంచి బయటికి పోతున్న డీజిలు. గాలికి చెరుపు, సంస్థకు నష్టం రెండూ అందులోనే ఉన్నాయి.

కరెంటు బస్సులు వస్తున్న మాట నిజమే. హైదరాబాదు విమానాశ్రయం దారిలో 2019లో, తిరుమల కొండ మీదికి 2022లో అవి మొదలయ్యాయి. పల్లె రూట్లలో మాత్రం ఎక్కువగా తిరిగేవి డీజిలు బస్సులే. కరెంటు బస్సు వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కరలేదు. ఉన్న బస్సుతోనే పొగ తగ్గించే ఉపాయాలు ఆర్టీసీ డిపోలకు ఏనాటి నుంచో తెలిసినవే.

పావు కిలోమీటరు లెక్క

‘కేఎంపీఎల్’ అనే మాట తెలియని ఆర్టీసీ డ్రైవరు ఉండడు. లీటరు డీజిలుకు బస్సు ఎన్ని కిలోమీటర్లు నడిచిందన్నదే ఆ లెక్క. ఏ డ్రైవరు ఎంత తెచ్చాడో డిపోలో రాసి పెడతారు. తక్కువ తెచ్చిన వారికి శిక్షకులు నడిపే తీరు నేర్పుతారు.

ఒక డిపోలో 100 బస్సులు, ఒక్కొక్కటి రోజుకు 300 కిలోమీటర్లు తిరుగుతున్నాయనుకుందాం. లీటరుకు 5 కిలోమీటర్లు వస్తే రోజుకు 6,000 లీటర్లు కావాలి. 5.25 వస్తే 5,714 లీటర్లు చాలు. పావు కిలోమీటరు పెరిగితే 286 లీటర్లు మిగిలాయి. లీటరు డీజిలు కాలితే 2.6 కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. అంటే ఆ ఒక్క డిపోలోనే రోజుకు సుమారు ముప్పాతిక టన్ను తగ్గినట్టు.

నాజిల్ నుంచి డ్రైవరు కాలు దాకా

దుమ్ము దారుల్లో తిరిగే బస్సుకు ఎయిర్ ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది. గాలి చాలక డీజిలు మసిగా మారుతుంది. ఇంజెక్టరు నాజిల్ పాడైతే తుంపరగా పడవలసిన డీజిలు ధారగా పడుతుంది. టైర్లలో గాలి తగ్గినా, బ్రేకు పట్టేసి చక్రం తేలిగ్గా తిరగకపోయినా ఇంజను మీద భారం పడుతుంది.

ఇక డ్రైవరు కాలు. యాక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కి, వెంటనే బ్రేకు వేసేవాడు డీజిలును బ్రేకుల్లో అరగదీస్తున్నట్టే. స్టేజీ దూరాన కనబడగానే కాలు తీసేవాడికి అది మిగులుతుంది. బస్టాండులో ఇంజను ఆపితే మరికొంత మిగులు. అరిగిన టైరును పారేయకుండా పైపొర వేసి రీట్రెడింగు చేస్తే కొత్త రబ్బరు వాడకం తగ్గుతుంది.

కొత్తగా కొనే బస్సులోనూ తేడా ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 ప్రమాణం అమలులోకి వచ్చింది. డీజిలులో గంధకం పరిమితి పది లక్షల పాళ్ళలో 50 నుంచి 10కి దిగింది. పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ చేరింది.

ఊరి వంతు

ఖాళీగా నడిచే బస్సు కాల్చే డీజిలంతా వృథాయే. పల్లెల్లో రాత్రి నిద్ర చేసే నైట్ హాల్టు బస్సు ఈ వృథాను అరికడుతుంది. ఆఖరి ట్రిప్పు దించి అది ఖాళీగా డిపోకు పోదు, తెల్లారి ఖాళీగా రాదు. డిపో 40 కిలోమీటర్లలో ఉంటే రాత్రికి 80 కిలోమీటర్లు, సుమారు 16 లీటర్లు మిగులు. డ్రైవరు, కండక్టరు పడుకోవడానికి ఒక గది, తాగడానికి నీళ్ళు చూపించిన ఊరు ఆ మిగులులో భాగస్తురాలే. ఇంటింటి ముందూ చెయ్యెత్తకుండా స్టేజీ దగ్గరే ఎక్కినా అంతే.

బస్సు నిండడం మరీ ముఖ్యం. 50 మందితో లీటరుకు 5 కిలోమీటర్లు పోయే బస్సు, మనిషి లెక్కన లీటరుకు 250 కిలోమీటర్లు మోసినట్టు. అయిదుగురితో పోతే 25 మాత్రమే. అంతకంటే మోటారు సైకిలే నయం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చాక సీట్లు నిండడం ఈ లెక్కకు కలిసొచ్చింది.

డీజిలు ఖర్చు పెరిగితే రాబడి చాలని రూటు మీదే మొదట వేటు పడుతుంది. బస్సు ఆగిన ఊళ్ళో జనం తలో బండి తీస్తారు. బండి లేని ముసలివాళ్ళు, బడిపిల్లలు ఆటో కోసం ఎదురుచూస్తారు. అందుకే డిపోలో శుభ్రపరిచిన ఫిల్టరు, మార్చిన నాజిల్ ఆ ఊరి తెల్లవారుజాము బస్సుకు కూడా కాపు.