ధాతువు – మాతువు: కీరవాణి సినీగీతాల్లో స్వరకర్త, గీతకర్తల సహరచన

ఉపోద్ఘాతం

పదమూడో శతాబ్దికి చెందిన శార్ఙ్గదేవుడు ‘సంగీతరత్నాకరం’లో పాటను రెండు అంశాలుగా విడదీశాడు. వాక్కు మాతువు, గేయం ధాతువు. ఈ రెంటినీ కూర్చగలిగినవాడు వాగ్గేయకారుడు. ఒకరు చేసిన ధాతువుకు మాతువును సమకూర్చేవాణ్ణి ఆ గ్రంథం ‘కుట్టికారుడు’ అని వేరుగా పేర్కొంది. తెలుగు చలనచిత్రరంగం ‘ట్యూనుకు రాయడం’ అని వ్యవహరించే పనికి ఏడు వందల ఏళ్లకు పైగా కిందటే ఒక పారిభాషికపదం ఏర్పడి ఉందన్నమాట.

సినీగీతాలపై జరిగే సాహిత్య పరిశోధన ఈ విభజనను అంతగా పట్టించుకోదు. కవి పేరును శీర్షికలో నిలిపి, పాటను అచ్చులోని పద్యంలా చదివి, అలంకారాలనో తాత్త్వికతనో వివేచించడం అలవాటైన పద్ధతి. అందులో తప్పు లేదు గాని, పాదం ఎంత పొడవుండాలో, గురువు ఎక్కడ పడాలో నిర్ణయించినది ఎవరన్న ప్రశ్న అక్కడ ఉదయించదు. అనేక శైలుల్లో, అనేక కవులతో పనిచేసిన స్వరకర్తను కేంద్రంగా తీసుకుంటే ఆ ప్రశ్నను తప్పించుకోలేం. ఎం. ఎం. కీరవాణి రచనాజీవితం అందుకు అనువైన ఆకరం.

కొవ్వూరు నేపథ్యం

కోడూరి మరకతమణి కీరవాణి 1961 జూలై 4న పశ్చిమగోదావరి జిల్లా కొవ్వూరులో జన్మించారు. గోదావరికి ఆవలి ఒడ్డున రాజమహేంద్రవరం, ఈవలి ఒడ్డున ఆంధ్ర గీర్వాణ విద్యాపీఠం వంటి సంస్కృత విద్యాసంస్థ ఉన్న కొవ్వూరు. తండ్రి శివశక్తి దత్త కవి, చిత్రకారుడు. కుమారునికి పెట్టిన పేరు 21వ మేళకర్త రాగానిది. చక్రవర్తి, మలయాళ స్వరకర్త సి. రాజామణిల వద్ద సహాయకునిగా పనిచేసిన కీరవాణి ‘మనసు మమత’ (1990)తో తెరకు పరిచయమయ్యారు. తమిళ, మలయాళాల్లో మరకతమణిగా, హిందీలో ఎం. ఎం. క్రీమ్‌గా కూడా ఆయన ప్రసిద్ధులు.

మూడు పురస్కారాలు, మూడు విభజనలు

పురస్కారాల వర్గీకరణను చిన్నచూపు చూడనక్కరలేదు. పాటకు కర్త ఎవరన్న విషయంలో ఒక వ్యవస్థ ఏమనుకుంటున్నదో అది బయటపెడుతుంది.

‘మాతృదేవోభవ’ (1993)లోని ‘రాలిపోయే పువ్వా’ గీతానికి వేటూరి సుందరరామమూర్తికి జాతీయ ఉత్తమ గీతరచయిత పురస్కారం లభించింది. శ్రీశ్రీ తర్వాత తెలుగు పాటకు ఆ గౌరవం దక్కడం అది రెండోసారి. సంగీతం కీరవాణిదే, గాత్రమూ ఆయనదే. అయినా అక్కడ గుర్తింపు పొందినది మాతువు.

‘అన్నమయ్య’ (1997)లో పరిస్థితి తారుమారైంది. ఉత్తమ సంగీతదర్శకునిగా జాతీయ పురస్కారం కీరవాణికి వచ్చింది. ఆ చిత్రంలో సాహిత్యానికి ప్రధాన కర్త 1408–1503 నాటి తాళ్లపాక అన్నమాచార్యులు. రాగిరేకులపై కీర్తనలకు రాగనామాలు ఉన్నాయి, స్వరలిపి లేదు. అందువల్ల ఆధునిక కాలంలో అన్నమయ్య పదాన్ని పాడే ప్రతి బాణీ ఎవరో ఒకరు కొత్తగా కూర్చినదే. కుట్టికారుడు ధాతువుకు మాతువు చేస్తే, ఇక్కడ అయిదు శతాబ్దాల కిందటి మాతువుకు ధాతువు చేయవలసి వచ్చింది. మార్చడానికి వీల్లేని పాదం, సంప్రదించడానికి అందుబాటులో లేని కవి. ఆ కీర్తనల పక్కనే ‘తెలుగు పదానికి జన్మదినం’ వంటి కొత్త రచన వేటూరి చేయగా, శ్రోతకు రెండూ ఒకే ప్రవాహంగా వినిపించడం స్వరకర్త సాధించిన విషయం. ఆ చిత్రంలో కీరవాణి ప్రతిభ కీర్తనలకంటే ఈ అతుకు కనబడనీయకపోవడంలోనే ఎక్కువగా ఉంది.

మూడోది 2023 మార్చి 12న ‘నాటు నాటు’కు వచ్చిన ఆస్కార్. అక్కడి ‘ఒరిజినల్ సాంగ్’ వర్గం పాటను విడదీయదు. కీరవాణి, చంద్రబోస్ ఇద్దరూ కలిసి అందుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో ప్రకటించిన జాతీయ పురస్కారాలు మళ్లీ విడదీశాయి. కీరవాణి సంగీతం చేసిన ‘కొండపొలం’లోని ‘ధం ధం ధం’ పాటకు చంద్రబోస్‌కు సాహిత్య పురస్కారం, ‘ఆర్‌ఆర్‌ఆర్’ నేపథ్యసంగీతానికి కీరవాణికి పురస్కారం. (పాటల సంగీతానికి ఆ ఏడు ఎంపికైన దేవిశ్రీ ప్రసాద్ మూలాలు కూడా తూర్పుగోదావరి వెదురుపాకవే.)

సూర్యగణాల నాటు

‘నాటు నాటు’ గురించి వెలువడిన వ్యాఖ్యల్లో నృత్యానికి దక్కిన చోటు ఛందస్సుకు దక్కలేదు. ‘నాటు’ అనే పదం గురువు, లఘువు. అంటే హగణం, సూర్యగణాల్లో ఒకటి, మూడు మాత్రలు. రెండుసార్లు పలికితే ఆరు మాత్రలు. సంగీతకారులు ‘సిక్స్ బై ఎయిట్’ అనే నడకకు, తెలుగు లయలో తిశ్రగతికి ఇది అచ్చంగా సరిపోతుంది. పల్లెల్లో డప్పు మీద పలికే తిశ్రం, పూర్వకవుల హయప్రచార రగడలో త్రిమాత్రాగణాల పరుగు, రెండూ ఇక్కడ గుర్తుకు వస్తాయి. పోలిక గతికి మాత్రమే పరిమితం. యతిప్రాసలతో కూడిన రగడ లక్షణం ఈ పాటకు ఆపాదించరాదు.

ఇంకొక సంగతి ఉంది. గురువు మీద పడిన ఊనిక తర్వాత ‘టు’ అనే పరుషాక్షరం వస్తుంది. నాలుక అంగిలిని తాకి తెగిపోయే ఆ ధ్వని చర్మవాద్యపు దెబ్బలాంటిది. అర్థం చూస్తే ‘దేశీయం, మోటు’. శబ్దం చూస్తే వాద్యం. నర్తకుల పాదం నేలను తాకే చోటు, పద్యపాదంలో గురువు పడే చోటు ఒకటయ్యాయి. ఈ పదాన్ని ఎంచుకోవడం సాహిత్యనిర్ణయమా, సంగీతనిర్ణయమా అని తేల్చబోవడం వృథా. పాటలో 90 శాతం సగం రోజులోనే పూర్తయిందనీ, మిగిలిన భాగానికి 19 నెలలు పట్టిందనీ చంద్రబోస్ స్వయంగా చెప్పారు. ఒకరు రాసి ఇచ్చేసిన, లేదా ఒకరు కట్టి ఇచ్చేసిన పాటకు అంత కాలం పట్టదు.

అదే జంట కూర్చిన ‘మౌనంగానే ఎదగమని’ (‘నా ఆటోగ్రాఫ్’, 2004)తో పోల్చితే తేడా స్పష్టం. మౌనం, గానే, ఎదగమ అని విరిస్తే ప్రతి ఖండమూ నాలుగు మాత్రలు. నిదానంగా నడిచే చతురశ్రం. ఓదార్పు చెప్పే పాటకు ఆ నడక, జాతరను తలపించే పాటకు ఈ నడక. గీతకర్త మారలేదు. శైలి మారినప్పుడు ఆయన పదసంపద మారింది, గణం కూడా మారింది.

ఒకే బాణీ, రెండు భాషలు

ధాతువు స్థిరంగా ఉండి మాతువు మారితే ఏమవుతుందో చూడడానికి ‘క్రిమినల్’ మంచి ఉదాహరణ. తెలుగులో సిరివెన్నెల సీతారామశాస్త్రి ‘తెలుసా మనసా’ రాయగా, హిందీలో అదే బాణీకి ఇందీవర్ ‘తూ మిలే దిల్ ఖిలే’ రాశారు. రెండింటా మూడేసి అక్షరాల రెండు ఖండాలు. తెలుగు ఖండం రెండు లఘువులు, ఒక గురువు, అంటే సగణం. హిందీ ఖండం గురు, లఘు, గురువులు, అంటే రగణం. అక్షరాల లెక్క ఒకటే, మాత్రల లెక్క వేరు. రెండు కవితలూ చివరి గురువును స్వరం సాగే చోటనే నిలిపాయి. స్వరకర్త కోరినది బహుశా ఆ ఒక్క గురువునే కావచ్చు. మిగతా భాగంలో ఏ భాష తన ఉచ్చారణస్వభావాన్ని అది నిలుపుకుంది.

హిందీలో ఆనంద్ బక్షీ (‘జఖ్మ్’, 1998), నిదా ఫాజ్లీ (‘సుర్’, 2002), గుల్జార్ (‘పహేలీ’, 2005), తమిళంలో పులమైపిత్తన్ (‘అళగన్’, 1991), మలయాళంలో ఎం. డి. రాజేంద్రన్ (‘దేవరాగం’, 1996) వంటి కవులతో కీరవాణి చేసిన కృషిని ఆయా భాషల ఛందోలయలు తెలిసినవారు పరిశీలించవలసి ఉంది.

తండ్రి మాతువు, స్వీయ మాతువు

శివశక్తి దత్త రచనల్లో సంస్కృత సమాసం వాద్యంగా పనిచేస్తుంది. ‘ఛత్రపతి’ (2005)లోని ‘అగ్నిస్ఖలన’ అన్న ఎత్తుగడనే తీసుకుంటే, సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందన్న వ్యాకరణసూత్రం అక్కడ లయసూత్రంగా మారింది. శ్రోతకు ప్రతి పదం అర్థం కాకపోవచ్చు, ఒత్తు మాత్రం తగులుతుంది. ‘ఆర్‌ఆర్‌ఆర్’లోని ‘రామం రాఘవం’దీ ఇదే పద్ధతి.

కీరవాణి తానే రాసిన పాటల్లో ఈ సాంద్రత కనిపించదు. ‘బాహుబలి 2’ (2017)లోని ‘కన్నా నిదురించరా’, ‘దండాలయ్యా’, ‘ఒక ప్రాణం’ ఆయన రచనలే. జోలపాట, దండం, శోకం అనే మూడు మౌఖిక సందర్భాలకు నిత్యవ్యవహారంలోని మాటలే చాలన్నట్లు రాశారు. శార్ఙ్గదేవుని నిర్వచనం ప్రకారం వాగ్గేయకారుడు అనదగినది ఇక్కడే. కానీ కల్పనాశక్తి విషయంలో ఈ పాటలు వేటూరికో సిరివెన్నెలకో సాటి రావు. తన బాణీ తనకు తెలుసు కనుక మాటను దానికి లొంగదీయడం సులభమైంది. ఎదురుచెప్పే కవి లేకపోవడం కొన్నిచోట్ల లోటుగానే వినిపిస్తుంది.

అలా ఎదురునిలిచే కవి దొరికినచోటు ‘కొమురం భీముడో’. తెలంగాణ సాయుధపోరాట కవి సుద్దాల హనుమంతు కుమారుడైన సుద్దాల అశోక్ తేజ, గానసంప్రదాయంలోని సంబోధనాంతమైన ఓకారాన్ని పాటకు ఇరుసు చేశారు. ఆ దీర్ఘం కాలభైరవ గొంతులో సాగేంత చోటు స్వరకర్త వదిలిపెట్టారు. ‘దోస్తీ’ సిరివెన్నెలది, ‘ఎత్తర జెండా’ రామజోగయ్యశాస్త్రిది, ‘కొమ్మా ఉయ్యాల’ మళ్లీ సుద్దాలది, ‘జనని’ కీరవాణిది. ‘నాటు నాటు’, ‘రామం రాఘవం’ కలుపుకొంటే ఏడు పాటలు, ఆరుగురు మాతుకారులు. అట్టమీద సంగీతం పేరు ఒక్కటే.