రైతు లెక్క, ఇంటి గుట్టు



ఈ-పంట నమోదులో మీ పేరు, ఆధారు, సర్వే నంబరు, వేసిన పైరు రాసుకుంటారు. బ్యాంకు అప్పు, బీమా, ఉపాధి హామీ కూలి లెక్కలు వేరే ఉన్నవి. తొలకరికి తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు ఏరినట్లు, ఈ లెక్కల రాశిలో పనికివచ్చే సంగతులు ఏరడం నేడొక విద్య అయినది. పత్తికొండ వైపు శనక్కాయ ఎన్ని ఎకరాల్లో వేశారో, పులివెందుల వైపు చీనీ తోటలెన్నో తెలియనిదే కరువు సాయానికి అంచనా కట్టలేరు. కాబట్టి లెక్క కావలసిందే.

అయితే లెక్కతోపాటు ఇంటి గుట్టు వీధిన పడరాదు. 2017లో అదే జరిగింది. ఉపాధి హామీ, పింఛన్లు, చంద్రన్న బీమాకు సంబంధించిన నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో సుమారు 13 కోట్ల ఆధారు సంఖ్యలు బయటికి కనబడుతున్నవని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ అంచనా కట్టింది. వాటిలో రెండు మన రాష్ట్రానివే. ఎవరో కన్నం వేసి దోచినవి కావు. అందరూ చూసేటట్లు పెట్టిన పట్టికలే.

పేరు కొట్టివేస్తే చాలదా అంటారేమో. చాలదు. ఊళ్లో చీనీ తోట ఒక్కటే అయితే, "ఈ ఊరి చీనీ రైతు బాకీ రెండు లక్షలు" అన్నప్పుడు అతడెవరో చంటిపిల్లవాడైనా చెబుతాడు. అటువంటప్పుడు ఆ ఊరిని విడిగా చూపక, మండలం మొత్తంగా చూపవలెను.

బయటి అప్పు సంగతి ఇంకా చిక్కు. పెళ్లికెదిగిన పిల్ల ఉన్న ఇంట ఎవరు నిజం చెబుతారు? 1965లో స్టాన్లీ వార్నర్ అనే శాస్త్రజ్ఞుడు ఇటువంటి ప్రశ్నలకు ఒక ఉపాయం చూపాడు. దాన్ని సులువు చేసి చెబుతాను. రైతు చాటుగా రూపాయి ఎగరవేస్తాడు. బొమ్మ పడితే నిజం చెప్పాలి. బొరుసు పడితే అప్పు ఉన్నా లేకున్నా "ఉంది" అనాలి. ఏది పడిందో అడిగేవాడికి తెలియదు. నూరుమందిలో 70 మంది "ఉంది" అన్నారనుకోండి. అందులో సుమారు 50 బొరుసు పడినవారివి. తక్కిన 20, బొమ్మ పడిన 50 మందిలోవి. అంటే నూటికి 40 ఇండ్లలో బయటి అప్పు ఉన్నట్లు లెక్క. "ఉంది" అన్నవాణ్ణి మాత్రం వేలెత్తి చూపే వీలు లేదు. పదిమందిని అడిగితే ఈ లెక్క కుదరదు, వందలమంది ఉండాలి.

వ్యవసాయ సహాయకులకు ఒక మాట. పేర్లు, ఆధారు ఉన్న జాబితాను ఫోటో తీసి వాట్సాప్ గుంపులో పెట్టకండి. రైతులూ, కంపెనీ మనిషెవరైనా వచ్చి వివరాలు అడిగితే, ఏ పనికని అడగండి. సమ్మతి కోరేవాడు ఆ సంగతి చెప్పాలని 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఉన్నది. ఏ విత్తనం బాగా మొలిచిందో తెలుసుకోవడానికి మీ ఆధారు అక్కరలేదు.