మీకు తెలుసా? వోడ్కాలో గ్రేప్‌ఫ్రూట్ రసం కథ

ఐసు నిండా వేసిన పొడవాటి గ్లాసులో 45 మి.లీ. వోడ్కా, దానికి రెండు మూడింతలు అప్పుడే పిండిన గ్రేప్‌ఫ్రూట్ రసం పోస్తే గ్రేహౌండ్ తయారు. గ్లాసు అంచుకు ఉప్పు అద్దితే అదే సాల్టీ డాగ్. ఉప్పు ఉన్నదే మేలు: సోడియం నాలుకపై చేదును అణచి, పండులోని తీపిని పైకి తెస్తుంది.

అసలు విశేషం ఈ రసానిది. కెనడాలో డేవిడ్ బెయిలీ బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందుపై ఆల్కహాల్ ప్రభావాన్ని పరీక్షిస్తూ, మద్యం రుచి తెలియకుండా గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపింది. రక్తంలో మందు ఊహించనంతగా పెరిగింది. కారణం మద్యం కాదు, రసమే! 1989లో ఈ సంగతి వెల్లడించారు. రసంలోని ఫ్యూరానోకౌమరిన్లు, మందును పేగుల్లోనే విరిచేసే సీవైపీ3ఏ4 ఎంజైమును పనిచేయనివ్వవు. శరీరం కొత్త ఎంజైము తయారుచేసుకునేదాకా, అంటే ఒక రోజుకు పైగానే, ఆ ప్రభావం ఉంటుంది. అందుకే మాత్ర పొద్దున, గ్లాసు సాయంత్రం అనుకున్నా లాభం లేదు. కొలెస్ట్రాల్‌కు సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ వాడేవాళ్లూ ముందు డాక్టర్ని అడగాలి. పంపర పనస, నారింజ జాతుల కలయికతోనే గ్రేప్‌ఫ్రూట్ పుట్టింది. మన పంపర పనసలోనూ ఈ ఫ్యూరానోకౌమరిన్లున్నాయి.