బోస్టన్ రేవు - నీరు, నావలు

1773 డిసెంబరు 16వ తేదీ రాత్రి బోస్టన్ పురవాసులు మూడు ఓడల మీది 342 తేయాకు పెట్టెలను రేవు నీటిలోనికి త్రోసివేసిరి. చరిత్ర పాఠము చెప్పు ఉపాధ్యాయు లందరును ఈ పెట్టెల సంగతి చెప్పుదురు. ఆ పిమ్మట రెండు వందల యేండ్లకు పైగా అదే నీటిలోనికి ఆ నగరము ఇంకను ఏమేమి త్రోసినదో చెప్పువారు అరుదు.

నేడు వేసవిలో ఆ రేవుగట్టున నిలిచిన వారికి మొట్టమొదట కానవచ్చునది విహారనౌకల సందడి. కొన్ని స్టెల్‌వాగెన్ మెరక వరకు పోయి తిమింగలములను చూపి మరలి వచ్చును. కొన్నిటిని పెండ్లి విందులకో, కచేరీల వారి వేడుకలకో పూటకింత యని బాడుగకు మాట్లాడుకొందురు. మరికొన్ని రేవులోని దీవులకు జనమును చేరవేయును. అట్టి దీవులలో స్పెక్టకిల్ ద్వీపము 1959 వరకు నగరపు చెత్తదిబ్బ. నగరము క్రింద రహదారి సొరంగములు త్రవ్వగా వచ్చిన మట్టితో దానిని కప్పి, చెట్లు నాటి, 2006లో ప్రజలకు విడిచిరి. ఈ నావలవారు అమ్ముకొను సరకు నీరే. నీరు కంపు కొట్టిననాడు బాడుగకు పిలుచువా డుండడు.

ఒకప్పుడు ఆ నీరు నిజముగనే కంపు కొట్టినది. 1884లో బోస్టన్ తన మురుగుకాలువలను ఒకటిగా కూర్చి మూన్ ద్వీపమునకు చేర్చెను. అచ్చట రాతి తొట్లలో మురుగును నిలువచేసి, పాటు ప్రారంభము కాగానే తూములెత్తి విడిచెడివారు. ఆ రేవున పోటుకును పాటుకును నీటిమట్టమునందు సుమారు పది అడుగుల తేడా యుండును. అంత నీరు వెనుకకు తీయునప్పుడు మురుగు తానుగా సముద్రము పాలగునని ఇంజనీర్ల లెక్క. పోయిన నీటిలో కొంత మరుసటి పోటుతో మరల వచ్చునన్న సంగతిని ఆ లెక్క అంతగా పట్టించుకొనలేదు.

నట్ ద్వీపమున 1952లోను, డీర్ ద్వీపమున 1968లోను శుద్ధిశాలలు వెలసినవి. అవి ప్రాథమిక శుద్ధికి మాత్రమే ఏర్పడినవి. మురుగును తొట్లలో నిలిపినచో బరువైన మలినము అడుగునకు దిగును. పైతేటను రేవులోనికి విడుతురు. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని అడుగున పేరుకొనిన ఆ బురదను ఏమి చేసిరి? పాటు వేళ చూచి దానినికూడ ఆ రేవులోనికే విడిచిరి! ఎంతో ధనము వ్యయపరచి నీటి నుండి వేరుచేసిన దానిని మరల ఆ నీటిలోనే కలిపిన ఈ విధానము 1991 డిసెంబరు వరకు సాగినది.

అమెరికా జలశుద్ధి చట్టము 1972లో వచ్చినది. పట్టణముల మురుగునకు రెండవ దశ శుద్ధి, అనగా ప్రాణవాయువు నందించి సూక్ష్మజీవులచే మలినమును తినిపించు శుద్ధి, 1977 నాటికి జరుగవలెనని అది విధించెను. బోస్టన్ అధికారులు శుద్ధిశాల కట్టుటకు మారుగా మినహాయింపు కోరుచు కాగితములు పంపుటలో చాల యేండ్లు గడపిరి. చట్టము నమలుపరుచుటకు పట్టు వ్యయముకంటె దానిని తప్పించుకొనుటకు పట్టు వ్యయము తక్కువగా తోచుట అన్ని దేశములయందును గల జాడ్యమే. 1982లో క్విన్సీ పట్టణపు న్యాయవాది విలియమ్ గోల్డెన్ ఒక ఉదయము వోలాస్టన్ తీరమున పరుగు తీయుచు, తాను త్రొక్కుచున్నది మనుష్యుల మలమని గుర్తించెను. ఆయన పట్టణము పక్షమున దావా వేసెను. 1983లో పర్యావరణ సంస్థ యొకటి సమాఖ్య న్యాయస్థానమునకు ఎక్కినది. 1984 చివర రాష్ట్ర శాసనసభ నీటికిని మురుగునకును ప్రత్యేకముగ ఒక ప్రాధికార సంస్థను నెలకొల్పెను. 1985 నుండి న్యాయమూర్తి డేవిడ్ మాజోన్ ఆ పనులకు గడువులు నిర్ణయించి, 2004లో తాను మరణించు వరకు దానిని తన పర్యవేక్షణలో నుంచుకొనెను.

రాజకీయముకూడ ఆ నీటిలో దిగినది. 1988 సెప్టెంబరులో అధ్యక్షపదవికి పోటీచేయుచున్న జార్జి బుష్ ఒక పడవనెక్కి రేవులో తిరిగి, తన ప్రత్యర్థియు ఆ రాష్ట్ర గవర్నరును అయిన డుకాకిస్‌ను మురికినీటిని చూపి ఎత్తిపొడిచెను. తాను ఉపాధ్యక్షుడుగా నున్న ప్రభుత్వమే ముందటి యేడు జలశుద్ధి చట్టమునకు నిధులిచ్చు శాసనమును త్రోసిపుచ్చినదని, కాంగ్రెసు దానిని కాదని నెగ్గించుకొనవలసి వచ్చినదని ఆయన ఆ పడవమీద చెప్పలేదు.

డీర్ ద్వీపమున కొత్త శుద్ధిశాల లేచినది. అచ్చటి బురదను కుళ్లజేయు పండ్రెండు గ్రుడ్డు ఆకారపు కట్టడములు నేడు ఓడలలో వచ్చువారికి దూరమునుండియే గోచరించును. బురద ఎరువుగుళికలుగా మారుచున్నది. ఖర్చు సుమారు 380 కోట్ల డాలర్లు. అందులో హెచ్చుభాగము 43 ఊళ్లవారి నీటిపన్నులనుండి వచ్చినది. బిల్లులు చూచి జనము వీథులకెక్కిరి. శుద్ధియైన నీటిని సముద్రములో దూరముగ విడుచుటకు పడక రాతిలో 9.5 మైళ్ల సొరంగము తొలిచిరి. తమ తీరమునకును, తిమింగలములకును హాని కలుగునని కేప్ కాడ్ వాసులు దీనిని ప్రతిఘటించిరి. వారి భయము అర్థరహితమైనది కాదు. అందువలననే సొరంగపు మొగ వద్ద నీటిని ఎడతెగక పరీక్షింపవలెనన్న షరతు ఏర్పడినది.

సొరంగము చివర సముద్రపు టడుగునకు లేచు 55 గొట్టములకు రక్షణగా మూతలుండెను. పని ముగింపునకు వచ్చినప్పుడు గాలి, దీపములు, పంపులు తీసివేసిన పిమ్మట ఆ మూతలు తీయవలసి వచ్చినది. 1999 జూలైలో అందుకై ఐదుగురు గజ ఈతగాండ్రు, ఊపిరికి కావలసిన గాలిని వెంట గొనిపోయి, ఆ చీకటిలో లోపలికి వెళ్లిరి. గాలి నందించు సాధనము విఫలమై వారిలో ఇద్దరు మరణించిరి. సొరంగము 2000 సెప్టెంబరులో తెరచిరి. విహారనౌకలలో పోవువారికి ఆ ఇద్దరిని గురించి చెప్పు గుర్తు నీటిమీద ఏదియు లేదు.

నీరు తేరినది. 1980 దశకములో డీర్ ద్వీపము దాపున పట్టిన ఫ్లౌండర్ అను చదునైన చేపల కాలేయములలో కంతులు కానవచ్చెడివి. 2004 తరువాతి పరీక్షలలో అవి కానరాలేదు. నగరపు మురుగు తగ్గిన కొలది, అంతవరకు ఎవరి కంటను పడని నావల మురుగు కంట పడినది.

నావలోని మరుగుదొడ్డి నీరు ఒక ట్యాంకులో చేరును. దానికి రెండు దారులుండును. ఒకటి గట్టునకు చేరినపుడు పంపుగొట్టము తగిలించి పైకి తోడించు దారి. రెండవది వాల్వు త్రిప్పి సముద్రములోనికి విడుచు దారి. తీరమునకు మూడు మైళ్ల లోపల శుద్ధిచేయని మురుగును విడువరాదన్నది సమాఖ్య నియమము. నావలో చిన్న శుద్ధియంత్ర మున్నవారికి మాత్రము సడలింపు కలదు. 2008లో బోస్టన్ రేవును విసర్జన నిషిద్ధ ప్రాంతముగా ప్రకటించుటతో ఆ సడలింపుకూడ తొలగినది. 2014 నాటికి రాష్ట్రతీరమంతయు ఆ నియమము క్రిందికి వచ్చినది. రేవులో నున్నంతసేపు సముద్రపు వాల్వునకు తాళము వేయవలెను, లేదా పిడి తీసి గట్టిగ కట్టవలెను. నలుగురు తిరుగు సొంత పడవకు ఇది పెద్ద కష్టము కాదు. నూట యేబదిమందిని ఎక్కించుకొని దినమునకు రెండు మార్లు తిరుగు బాడుగనౌకకు ట్యాంకు త్వరగా నిండును. రెండు ప్రయాణముల నడుమ గంటసేపైనను వ్యవధి యుండదు. చిన్న పడవలకై పెట్టిన పంపు దానికి చాలదు. ఈ చిక్కు చట్టకర్తలకు తెలియును. చాలినన్ని పంపులున్నవని చూపనిదే ఏ రేవును నిషిద్ధప్రాంతముగా ప్రకటింపరాదని చట్టము. పంపులకై 1992 నాటి వేరొక చట్టము ఖర్చులో నాలుగింట మూడు వంతుల వరకు ఇచ్చును. కొన్నిచోట్ల పంపునే ఒక పడవమీద నెక్కించి నావల యొద్దకు పంపుచున్నారు. ఇది మెచ్చదగిన పద్ధతి. చోటు చూపక ఉమ్మివేయరాదని బోర్డు కట్టుట మనకు అలవాటైన విషయమే కదా! అయినను పాత్రలు, చేతులు కడిగిన నీరు ఈ నిషేధము క్రిందికి రాదు.

నగరపు పాత కాలువలలో వాననీరును మురుగును కలిసి పారును. కుండపోతగా కురిసిననాడు రెండును నిండి నేటికిని అక్కడక్కడ రేవులోనికి పొర్లును. 1988లో ఏడాదికి 330 కోట్ల గ్యాలన్లున్న ఈ పొర్లు 35 నిర్మాణపు పనుల తరువాత 50 కోట్లకు లోపల దిగినది. స్నానతీరమున నూరు మిల్లీలీటర్ల నీటిలో సూచక సూక్ష్మజీవులు 104కు మించినచో ఎర్రజెండా ఎగురును. అయితే ఆ జీవులను గాజుపాత్రలో పెంచి లెక్కించుటకు ఒక దినము పట్టును. జెండా ఎత్తునప్పటికి రేవులో పోటు రెండు మార్లు వచ్చి పోయి యుండును.