మందు పనిచేసిందా లేదా? ఆ మాట కూడా చెప్పండి

అడగందే అమ్మైనా పెట్టదంటారు. నిజమే. అయితే కూరలో ఉప్పు తక్కువైతే ఆ మాట తిన్నవాళ్లే చెప్పాలి. చెప్పకుంటే రేపు కూడా అదే కూర. వ్యవసాయ సలహాల సంగతి కూడా ఇంతే.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో పైరుకు తెగులు సోకితే మన రైతులు సలహా అడుగుతారు. రైతు సేవా కేంద్రంలో అడుగుతారు, ఫోన్లో అడుగుతారు, పురుగుమందుల అంగట్లో అడుగుతారు. కానీ వారం తర్వాత మళ్లీ పోయి, "సార్, మీరు చెప్పినట్టే కొట్టినా, తగ్గలేదు" అని చెప్పేవారు తక్కువ. తగ్గితే మరిచిపోతారు. తగ్గకపోతే "వీళ్లకేం తెలుసులే" అనుకుని ఇంకో అంగడికి పోతారు. ఇందులో నష్టం ముందు మీకే. ఆ తర్వాత మీ పక్క చేను రైతుకు. ఎందుకంటే రేపు ఆయన అడిగినా అదే సలహా వస్తుంది.

చెప్పకపోతే ఏమవుతుంది?

నల్లరేగడిలో శనగ వేశారనుకోండి. మొక్కలు అక్కడక్కడ ఎండుతున్నాయి. "శనగ ఎండిపోతోంది, ఏం కొట్టాలి?" అని అడిగితే విన్నవారు ఏదో ఒక మందు చెబుతారు. కొట్టినా ఎండడం ఆగదు. ఆ సంగతి తిరిగి చెబితే వారు రెండో ప్రశ్న వేస్తారు: "మొక్కను పీకి చూసినారా?" కాండాన్ని నిలువుగా చీలిస్తే లోపల గోధుమ లేదా నల్లని చార కనిపిస్తే అది ఎండు తెగులు. పక్క వేర్లు ఊడిపోయి, తల్లివేరు పుల్లలాగా పుటుక్కున విరిగితే అది వేరుకుళ్లు. రెండూ భూమిలో నుంచి వచ్చేవే. ఆకుల మీద ఎన్నిసార్లు మందు కొట్టినా డబ్బులు దండగ. వచ్చే ఏటికి తెగులును తట్టుకునే రకం, విత్తనశుద్ధి, పంట మార్పిడి చూసుకోవాలి. ఈ మాట మొదటి సలహాలో రాలేదు. మీరు తిరిగి చెప్పినందుకే బయటపడింది.

మిరపలోనూ ఇదే జరిగింది. 2021లో మన రాష్ట్రంలో నల్ల తామర పురుగు మిరపను దెబ్బతీసింది. మామూలు తామర పురుగు ఎక్కువగా ఆకుల మీద ఉంటుంది. ఈ కొత్తది పూలల్లో గుంపులుగా చేరుతుంది. "ఆకు ముడుచుకుంటోంది" అని మాత్రమే చెబితే పాత మందే చెబుతారు. "కొట్టినా తగ్గలేదు, పువ్వు విప్పితే నల్ల పురుగులున్నాయి" అంటే అవతలివారికి కొత్త పురుగని అర్థమవుతుంది.

పొలం ఫొటోలతో సలహా

2004లో హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ వారు వరంగల్ జిల్లా పత్తి రైతుల కోసం ఈ-సాగు అనే పద్ధతి మొదలుపెట్టారు. ఊర్లో చదువుకున్న రైతులే పొలాలకు వెళ్లి పైరును ఫొటోలు తీసి పంపేవారు. నిపుణులు వాటిని చూసి సలహా పంపేవారు. రైతు అడిగేదాకా ఆగేవారు కాదు. ఒకే పొలం ఫొటోలు మళ్లీ మళ్లీ వస్తాయి గనుక తామిచ్చిన సలహా తర్వాత పైరు ఎట్లుందో నిపుణుల కంటికే కనబడుతుంది. ఈ రోజు ఫొటో తీసే ఫోన్ చాలా ఇళ్లలో ఉంది. ఆ పని మనమే చేసుకోవచ్చు.

అదే 2004 జనవరి 21న కేంద్ర ప్రభుత్వం కిసాన్ కాల్ సెంటర్లను ప్రారంభించింది. 1800-180-1551కు ఫోన్ చేస్తే ఖర్చు లేదు. ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ జిల్లా, పంట, ప్రశ్న అక్కడ నమోదు చేసుకుంటారు. మొదట ఎత్తినవారికి తెలియకపోతే పై నిపుణులకు కలుపుతారు. పాత సలహాతో గుణం రాకపోతే మళ్లీ ఫోన్ చేసి, "ఇంతకుముందు ఈ తేదీన అడిగినా, ఇది కొట్టినా, ఇట్లా అయింది" అని మొదలుపెట్టండి.

మీరు చేయవలసినవి

1. ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. సలహా ఎవరు చెప్పారు, ఏ తేదీన, ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని ట్యాంకులు కొట్టారు అన్నది రాయండి. చదువు రాకుంటే పిల్లలతో రాయించండి.

2. మందు కొట్టకముందు ఒక ఫొటో, వారం తర్వాత అదే సాలులో ఇంకో ఫొటో తీయండి.

3. అంత పొలంలో కొట్టేముందు నాలుగు సాళ్లు కొట్టకుండా వదలండి. మందు గుణమా, వాతావరణం మారిందా అన్నది అప్పుడే తేలుతుంది.

4. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సగం మోతాదు కొట్టి ఉంటే, రెండు మూడు మందులు కలిపి ఉంటే, కొట్టిన గంటకే వాన పడి ఉంటే దాచవద్దు.

5. బిల్లు, ఖాళీ డబ్బా పారేయవద్దు. మందు నాసిరకమని అనుమానముంటే మండల వ్యవసాయ అధికారికి ఫిర్యాదు చేయడానికి అవే ఆధారం.

6. గుణం వచ్చినా చెప్పండి. ఆ మాట ఇంకో రైతుకు పనికొస్తుంది.

సలహా చెప్పేవారికీ ఒక మాట

రైతు సేవా కేంద్రంలో ఒక రిజిస్టరు తెరిచి, ప్రశ్నకు ఎదురుగా "ఫలితం" అని ఒక గడి పెడితే చాలు. వారం తర్వాత ఆ గడి ఖాళీగా ఉంటే రైతుకు ఒక ఫోన్ చేయవచ్చు. ఒకే ప్రశ్న పదిమంది అడిగితే దాని జవాబు గోడ మీద అంటించవచ్చు. పనిచేయలేదని నలుగురు చెప్పిన సలహాను కొట్టేసి, సంగతిని నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానానికి తెలపాలి. ఆ స్థానం 1906 నుంచి మన నేలల్లోనే పనిచేస్తోంది. శనగ కోతకు కూలీలు దొరకని కష్టానికి జవాబుగా యంత్రంతో కోయడానికి వీలుగా నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 శనగ రకం వచ్చింది కూడా అక్కడి నుంచే. మీ కష్టం వారి చెవిన పడితేనే కదా జవాబు వెతికేది.

ఎకరం, రెండెకరాల రైతుకు ఒక్క తప్పుడు మందు అంటే మందు ఖర్చు, కూలి ఖర్చు, పైగా పోయిన అదును. అప్పు తెచ్చి కొట్టినవారికి ఆ దెబ్బ ఇంకా ఎక్కువ. కాబట్టి రైతు సోదరులారా, అక్కల్లారా, ఈసారి సలహా అడిగి ఇంటికి వచ్చేటప్పుడు, "వారానికి మళ్లొచ్చి సంగతి చెప్తా సార్" అని చెప్పి రండి. ఆ మాట నిలబెట్టుకోండి.