పాత లాప్‌టాప్‌కు బయటి సౌండ్ కార్డు: కొన్ని వందలతో తీరే ఇబ్బంది

విద్యార్థి వేతనాలు పొందుతున్న పిల్లల ఇళ్ళలో చాలావరకు కొత్త లాప్‌టాప్‌లు ఉండవు. అన్నో అక్కో వాడి ఇచ్చినదో, రిచ్చీ వీధిలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నదో, ప్రభుత్వం వారు ఇచ్చినదో ఉంటుంది. తమిళనాడులో 2011లో జయలలితగారి ప్రభుత్వం, ప్రభుత్వ, ఎయిడెడ్ విద్యాసంస్థల్లో చదివే పిల్లలకు ఉచితంగా లాప్‌టాప్‌లు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. ఆనాటి యంత్రాలు కొన్ని ఈనాటికీ మన ఇళ్ళలో పనిచేస్తున్నాయి. బ్యాటరీ పోతే వైరు తగిలించి వాడుకుంటారు. కీబోర్డు పోతే బయటి కీబోర్డు పెట్టుకుంటారు. కాని శబ్దం పోతే మాత్రం "దీని పని అయిపోయింది, కొత్తది కొనాల్సిందే" అంటారు. ఆ అవసరం లేదని చెప్పడానికే ఈ వ్యాసం.

ఇది చిన్న విషయం కాదు. 2020లో కరోనా వచ్చి పాఠాలు ఇంట్లోకి వచ్చినప్పటి నుండి తరగతులు, కోచింగులు, ఉద్యోగాల ఇంటర్వ్యూలు కూడా లాప్‌టాప్ మీద జరగడం మామూలైపోయింది. జవాబు తెలిసిన పిల్ల, మైకు పనిచేయక మౌనంగా కూర్చుంటే అవతలివారికి అది తెలియనితనంగానే కనిపిస్తుంది. పోనీ కొత్తది కొందామంటే 30, 40 వేల రూపాయలు. ఫీజుకని దాచిన సొమ్ము అందులోకి పోతుంది. నేను బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. చదివింది కామర్సు, ఇంజనీరింగు కాదు. అయినా ఇంత ఖర్చుకు ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోవడం ఎవరికైనా చేతనవుతుంది.

సౌండ్ కార్డు చేసే పని

కంప్యూటరుకు తెలిసినవి అంకెలు మాత్రమే. మన చెవికి కావలసింది గాలిలో కదలిక. ఈ రెంటి మధ్య మార్పిడి చేసేది సౌండ్ కార్డు. బ్యాంకులో విదేశీ మారక కౌంటరు డాలర్లు తీసుకుని రూపాయలు ఇచ్చినట్లు, ఇది అంకెలు తీసుకుని శబ్దానికి తగిన కరెంటు ఇస్తుంది. మైకు నుండి వచ్చే కరెంటును తిరిగి అంకెలుగా మారుస్తుంది. లాప్‌టాప్‌లో ఈ కౌంటరు మదర్‌బోర్డు మీదే ఉంటుంది. అది చెడితే మదర్‌బోర్డు మార్చాలంటారు. కాని అదే కౌంటరును బయట పెట్టుకోవచ్చు. దానినే యు.ఎస్.బి. సౌండ్ కార్డు అంటారు. పెన్‌డ్రైవ్ అంత ఉంటుంది. ఒక చివర యు.ఎస్.బి. మూతి, మరో చివర హెడ్‌ఫోనుకు, మైకుకు రంధ్రాలు. సాధారణ రకం కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది.

పాత యంత్రం దీనిని మోయగలదా అన్న సందేహం వస్తుంది. లెక్క చూద్దాం. సి.డి. నాణ్యత గల శబ్దంలో సెకనుకు 44,100 కొలతలు, ఒక్కో కొలతకు 16 బిట్లు, ఎడమ కుడి రెండు వరుసలు. గుణిస్తే సెకనుకు 14,11,200 బిట్లు. యు.ఎస్.బి. తొలి తరంలోనే పూర్తి వేగం సెకనుకు 1,20,00,000 బిట్లు. అంటే అందులో ఎనిమిదో వంతు కూడా పట్టదు. పైగా యు.ఎస్.బి. శబ్ద పరికరాలు ఎలా మాట్లాడుకోవాలో 1998లోనే ఒక ఉమ్మడి నియమావళి వచ్చింది. విండోస్ ఎక్స్‌పి నుండి నేటి విండోస్ వరకు, లినక్స్‌లోను, ఆపిల్ కంప్యూటర్లలోను దానికి కావలసిన డ్రైవర్ ముందే ఉంటుంది. అందుకే సాధారణ రకం కార్డుకు సి.డి. అక్కరలేదు, ఇంటర్నెట్ అక్కరలేదు.

కొనేముందు చేయవలసిన పరీక్షలు

మొదట, మీ ఇయర్‌ఫోను మంచిదేనా అన్నది ఒక సెల్‌ఫోనుకు పెట్టి చూడండి. రెండవది, దానిని లాప్‌టాప్‌కు పెట్టండి. ఇయర్‌ఫోనులో వినపడి స్పీకర్లలో వినపడకపోతే లోపల స్పీకరు పోయి ఉండవచ్చు, లేదా రంధ్రంలోని స్ప్రింగు అరిగి ఉండవచ్చు. పాత లాప్‌టాప్‌లు చాలావాటిలో పిన్ను దూర్చగానే ఆ స్ప్రింగు కదిలి స్పీకర్లను ఆపుతుంది. అరిగినా, దుమ్ము పట్టినా, పిన్ను తీసేసిన తరువాత కూడా ఉన్నట్లే భావిస్తుంది. అప్పుడు ఇయర్‌ఫోనుతోనే పని గడుస్తుంది, ఏమీ కొననక్కరలేదు. మూడవది, ఎక్కడా శబ్దం రాకపోతే మ్యూట్‌లో ఉందేమో, డివైస్ మేనేజర్‌లో సౌండ్ పరికరం పేరు పక్కన పసుపు గుర్తు ఉందేమో చూడండి. ఉంటే డ్రైవర్ తిరిగి వేస్తే సరిపోవచ్చు. ఇవన్నీ చూశాక కూడా పలకకపోతేనే బయటి కార్డు కొనాలి.

మా వీధిలో బి.కామ్. చదివే ఒక అమ్మాయి లాప్‌టాప్‌కు మదర్‌బోర్డు మార్చాలని ఒక సర్వీసు షాపువారు 8,000 రూపాయలు చెప్పారు. తండ్రి ఆ సొమ్ముకు చీటీ పాడాలా అని నన్నడిగారు. పై మూడు పరీక్షలు చేశాం. లోపలి సౌండు నిజంగానే పోయింది. కాని తెర, కీబోర్డు, యు.ఎస్.బి. అన్నీ బాగున్నాయి. 250 రూపాయల కార్డు తగిలించాం. ఆ పిల్ల అదే యంత్రంతో మిగిలిన రెండు సెమిస్టర్లు పూర్తిచేసింది. షాపువారు చెప్పింది అబద్ధం కాదు. లోపలి సౌండు తిరిగి రావాలంటే అదే దారి. మనకు కావలసింది మాత్రం పాఠం వినపడటం.

పిన్నులు, రంధ్రాలు

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. ఇయర్‌ఫోను పిన్ను మీద గీతలు లెక్కపెట్టండి. రెండు గీతలుంటే అది ఒక్క పనే చేస్తుంది: వినడానికో, మాట్లాడడానికో. మూడు గీతలుంటే రెండూ చేస్తుంది. సెల్‌ఫోను ఇయర్‌ఫోన్లకు సాధారణంగా మూడు గీతలుంటాయి. పాత లాప్‌టాప్‌లకు, చవక సౌండ్ కార్డులకు రెండు వేరు రంధ్రాలుంటాయి: ఆకుపచ్చది వినడానికి, గులాబీ రంగుది మైకుకు. మూడు గీతల పిన్నును ఆకుపచ్చ రంధ్రంలో పెడితే వినపడుతుంది కాని మన మాట అవతలికి చేరదు. దీనికి, ఒక పక్క ఒక రంధ్రం, మరో పక్క రెండు పిన్నులు ఉన్న చిన్న వైరు అడగాలి. ఒక పిన్ను, రెండు రంధ్రాలు ఉన్నది ఇవ్వబోతే తీసుకోవద్దు. అది ఇద్దరు కలిసి పాట వినడానికి.

తగిలించిన తరువాత

కార్డును నేరుగా లాప్‌టాప్‌కే పెట్టండి, విడి హబ్బు ద్వారా వద్దు. మొదటిసారి ఒక నిమిషం ఆగండి. ఎప్పుడూ అదే రంధ్రంలో పెట్టండి. రంధ్రం మారితే విండోస్ దానిని కొత్త పరికరంగా లెక్కవేసి, మీరు చేసిన ఏర్పాటు మరిచిపోవచ్చు. విండోస్ 7లో గడియారం పక్కనున్న స్పీకరు బొమ్మ మీద కుడి బటన్ నొక్కి ప్లేబ్యాక్ డివైసెస్‌లోకి వెళ్ళి, యు.ఎస్.బి. అని ఉన్న పేరును ఎంచుకుని సెట్ డిఫాల్ట్ నొక్కండి. రికార్డింగ్ పేజీలోను అలాగే చేయండి. విండోస్ 10లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్ అన్న వరుసలో ఈ రెండూ ఉంటాయి. ప్రైవసీ కింద మైక్రోఫోన్‌కు అనుమతి ఉందో లేదో కూడా చూడండి. జూమ్, గూగుల్ మీట్ వంటి వాటిలో మైకును విడిగా ఎంచుకోవాలి. విండోస్‌లో అంతా సరిగా ఉన్నా అక్కడ పాత మైకు పేరే ఉంటే మీ మాట వినపడదు.

పరీక్షకో ఇంటర్వ్యూకో ఒకరోజు ముందు ఇంట్లోనే మరొకరికి కాల్ చేసి చూసుకోండి. స్పీకర్లు వద్దు, హెడ్‌ఫోను పెట్టుకోండి. స్పీకరు శబ్దం మైకులోకి తిరిగి వెళ్తే అవతలివారికి వారి మాటే ప్రతిధ్వనిస్తుంది.

కొన్ని జాగ్రత్తలు

ఖరీదైన సంగీత పరికరాలు కొన్ని యు.ఎస్.బి. శబ్ద నియమావళి రెండవ ప్రతి ప్రకారం పనిచేస్తాయి. దానికి డ్రైవర్‌ను విండోస్ 10లో 2017 నుండి మాత్రమే పెట్టారు. విండోస్ 7 యంత్రానికి అలాంటివి తీసుకుంటే తయారీదారు డ్రైవర్ విడిగా వెతుక్కోవాలి. చదువుకు సాధారణ రకమే చాలు. బ్లూటూత్ హెడ్‌సెట్ పాట వినేటప్పుడు బాగుంటుంది. దాని మైకు వాడటం మొదలుపెట్టగానే పాత లాప్‌టాప్‌లలో శబ్దం టెలిఫోను స్థాయికి దిగిపోతుంది. వైరు ఉన్నదే మేలు.

ఇంకొక మాట. విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా సవరణలు నిలిపివేసింది. బ్యాంకు లావాదేవీలు, దరఖాస్తులు చేసే యంత్రమైతే ఉచితంగా లభించే లినక్స్‌కు మారడం ఆలోచించవచ్చు. మన చెన్నైలోని సి-డాక్ సంస్థ తయారుచేసిన బాస్ అటువంటిదే. అదే సౌండ్ కార్డు అందులోను పనిచేస్తుంది. రేపు వేరే లాప్‌టాప్ కొన్నా దానికీ పనికివస్తుంది. కనుక ఈ ఖర్చు వృథా పోదు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. "మొత్తం మార్చాలి" అని ఎవరైనా చెబితే, చెడినది ఏ భాగమో, ఆ పని బయటి పరికరంతో జరుగుతుందో లేదో ముందుగా అడగండి. విద్యార్థులు ఈ పరీక్షలు నేర్చుకుని తోటివారికి కూడా చేసిపెట్టవలసిందిగా కోరుతున్నాను.